ఏరిన కుప్పను మళ్ళీ కలిపేవారు

మంచివాళ్ళంటే నాకు భయం. చెడ్డవాళ్ళతో ఎలాగైనా వేగొచ్చు. వాళ్ళు ఒక మాటంటే మనం రెండు అనొచ్చు, పడకపోతే కొంగు దులుపుకుని వచ్చెయ్యొచ్చు. మంచివాళ్ళ దగ్గర అదేమీ కుదరదు. జాలిపడి తల మీద చెయ్యి వేస్తారు, వేసిన చెయ్యి తియ్యడం మరిచిపోతారు. ఎనభైల చివర్లో ఇల్లందులో అలాంటి ఒక మంచివాడి కింద నేను చెత్త ఏరడంలో శిక్షణ పొందాను. నాతోపాటు పదో తరగతి చదివిన అమ్మాయి ఒకతె ఆ కాలంలోనే నర్సు ట్రైనింగుకు వెళ్ళి, పాసై, ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకుని, బిడ్డను కూడా ఎత్తుకుంది. నేను మాత్రం సీసాలూ కాగితాలూ వేరు చెయ్యడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. మా తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి నేలకొండపల్లి దగ్గర పొలాలు కొనుక్కున్న కుటుంబం మాది. నాన్న పోయాక అన్నయ్య ఇల్లందులో ఎరువుల దుకాణం పెట్టాడు. మంచాలూ బిందెలూ వచ్చిన బండిలోనే నేనూ వచ్చాను. వదిన చెడ్డది కాదు. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం, "నువ్వు లోపల కూర్చో అమ్మాయ్, ఊరికే ఏదో ఒకటి అడుగుతారు" అనేది. అడిగితే జవాబు చెప్పడానికి నాకు నోరుంది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అందుకే ఊళ్ళో వికలాంగులకు పని నేర్పే కేంద్రం పెట్టారని తెలియగానే, చేతికర్ర పట్టుకుని మొదటి రోజే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

బొగ్గు లారీల కోసం ఎప్పుడో కట్టి వదిలేసిన రేకుల షెడ్డది. ఊరి పెద్దలు కొందరు కలిసి సంఘం పెట్టారు. దాన్ని నడిపేది ఖమ్మంలో లెక్కల మాస్టరుగా చేసి రిటైరైన ఒకాయన. తెల్ల లాల్చీ, తెల్ల పంచె, మెత్తటి మాట. ఆయన్ని అందరం సార్ అనేవాళ్ళం. ఇళ్ళలో పోగుపడ్డ పాత పేపర్లు, సీసాలు, రేకు డబ్బాలు, చిరిగిన బట్టలు రిక్షాలో తెప్పించేవారు. మేము వాటిని ఏరి వేటికవి కుప్పలు పెడితే పాత సామాన్ల వ్యాపారి కొనుక్కుపోయేవాడు. కాగితం అక్కడి నుంచి పేపరు మిల్లుకు పోయేది. ఊరు శుభ్రపడుతుంది, మాకు పని వస్తుంది, ఏదీ వృథా కాదు. ఆలోచన మంచిదే, ఇప్పటికీ ఆ మాటే అంటాను. నా కోపమంతా దాన్ని నడిపిన చేతుల మీద.

ముందుగా ఊరివాళ్ళ సంగతి చెప్పాలి. వాళ్ళు ఇచ్చేదాన్ని చెత్త అనకూడదు, విరాళం అనాలి. ఆ విరాళంలో ఇడ్లీలు అంటుకుపోయిన పేపర్లుండేవి, దువ్వెనలోంచి తీసి ఉండచుట్టిన జుట్టుండేది, చచ్చిన ఎలక కూడా ఒకసారి వచ్చింది. తమ ఇంట్లో అరగంట కూడా ఉంచుకోలేని దాన్ని మాకు ఇచ్చి, పుణ్యం వచ్చిందని నమ్మేవాళ్ళు. ఒకావిడ సంచి నిండా ఒంటి చెప్పులు తెచ్చింది. జతలో ఒకటి తెగితే రెండోది పారెయ్యకుండా దాచిందట.

"మీలో ఒంటికాలి వాళ్ళుంటారు కదమ్మా, పనికొస్తాయని" అంది నా వంక చూస్తూ.

"నాకు రెండు కాళ్ళూ ఉన్నాయండీ. ఒకటి పని చెయ్యదు, అంతే. దానికీ చెప్పు కావాలి" అన్నాను.

ఆవిడ నొచ్చుకుంది. సాయంత్రం సార్ ఆవిడ ఇంటికి వెళ్ళి నా తరఫున క్షమాపణ చెప్పి వచ్చారు. నన్ను మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

షెడ్డులో చాలామందిమి ఉండేవాళ్ళం కానీ ఈ కథ ఇద్దరిది. మొదటివాడిని భాయ్ అని పిలిచేదాన్ని. చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. వాళ్ళ నాన్న వీధివీధీ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. స్టీలు గిన్నెలొచ్చి ఆ పని అడుగంటింది, తండ్రి కూడా పోయాడు, భాయ్ తమ్ముడి ఇంట్లో పడ్డాడు. గిన్నెల మోతల మధ్య పెరిగినవాడు కాబట్టి ఏ లోహమైనా చేత్తో తడిమి, నేలకేసి కొట్టి ఏమిటో చెప్పేవాడు. అణకువ గల మనిషేం కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని చెత్త ఏరడానికి వచ్చేవాడు.

"ఈ కంపులో నీ అత్తరు ఎవరికి భాయ్?" అని అడిగాను ఒకసారి.

"గీ కంపుకే చెల్లె. వచ్చింది ఎవరో దానిక్కూడ తెల్వాలె గదా" అన్నాడు.

రెండో మనిషి ములకలపల్లి అవతల అడవి పక్క గూడెం నుంచి వచ్చిన ఆడమనిషి. నాకంటే బాగా పెద్దది, అందుకే అక్క అనుకునేదాన్ని. అనుకోవడమే, పిలిచినా వినబడదు. పుట్టు చెవుడు, మాట రాదు. మొగుడు ఇంకొకతెను తెచ్చుకుంటే బస్సెక్కి వచ్చేసింది. షెడ్డు వెనక గదిలోనే వండుకుని పడుకునేది. చురుకైన కళ్ళు, బండచేతులు. ఎవరైనా తన కుప్పలో కాలు పెడితే చీపురు తిరగేసేది.

ఈ ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరూ నేర్పింది కాదు. పట్టా మీద సామాను గుమ్మరించగానే మొదట అక్క కూర్చుని గాజు పెంకులు, బ్లేళ్ళు, సూదులు పట్టకారుతో ఏరేసేది. అంతవరకూ భాయ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. గాజంతా పోయిందని ఆమెకు నమ్మకం కుదిరాక లేచి, వెనక నుంచి వచ్చి, ఆయన కుడి భుజం మీద రెండుసార్లు తట్టేది. అప్పుడే ఆయన చేతులు కుప్పలోకి వెళ్ళేవి. ఆయనకు చూపు లేదు, ఆమెకు మాట లేదు. ఆ రెండు తట్లే వాళ్ళ మధ్య ఉన్న భాష. కోపాలొచ్చి చెరోవైపు ముఖం తిప్పుకుని కూర్చున్న రోజుల్లో కూడా ఆ తట్టు మాత్రం తప్పేది కాదు.

ఇక సార్ సంగతి. కేంద్రాన్ని చూడటానికి తరచూ పెద్దమనుషులు వచ్చేవాళ్ళు. ఖమ్మం నుంచి, కొత్తగూడెం నుంచి, ఒక్కోసారి హైదరాబాదు నుంచి. వాళ్ళు సంతోషిస్తేనే సంఘానికి నాలుగు డబ్బులు వస్తాయి. కానీ వాళ్ళు ఏ పదకొండింటికో వచ్చేసరికి మా పని సగం అయిపోయి, కుప్పలు తీరుగా ఉండేవి. అప్పుడు సార్ మెల్లగా వచ్చి, "అమ్మా, ఇవి ఒకసారి కలిపెయ్యండి" అనేవారు.

మొదటిసారి నేను వేళాకోళం అనుకున్నాను.

"ఏరినవి మళ్ళీ కలపడమేమిటి సార్?"

"అన్నీ ఏరేస్తే వచ్చినవాళ్ళకు ఏం చూపిస్తాం తల్లీ? డెమో ఉండాలి కదా."

కలిపేవాళ్ళం. పొద్దుటి నుంచి నడుములు పడిపోయేలా ఏరింది మా చేతులతోనే కలగలిపి, వాళ్ళ ముందు మళ్ళీ ఏరేవాళ్ళం. అయితే గాజు జోలికి మాత్రం అక్క ఎవరినీ పోనిచ్చేది కాదు, అది మూల డబ్బాలోనే ఉండేది. నేను పాత నోటుబుక్కు అట్ట చింపి పక్కన పెడితే చప్పట్లు. భాయ్ గరిటె నేలకేసి కొట్టి ఇత్తడి అంటే చప్పట్లు. ఈ చప్పట్లు వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కింద పడకుండా ఒక అడుగు వేసినందుకు ఏడాది పిల్లకు చప్పట్లు కొడతారు. నాకప్పటికి ఇరవై రెండేళ్ళు.

"గింత పెద్ద సదువు ఏంది చెల్లె?" అని నవ్వేవాడు భాయ్. "ఇత్తడి ఇత్తడే, రాగి రాగే. పొద్దుగాల లేసేసరికి మారుతదా ఏంది?"

ఆయన నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు. ఒకరోజు తనే చెప్పాడు. కేంద్రంలో ఇచ్చేది తమ్ముడికి ఆనడం లేదట. దర్గా కాడ జుమేరాత్ నాడు, అదే గురువారం, గూసుంటే ఇంతకన్న ఎక్కువొస్తయని, చెయ్యి చాపకున్నా జనం వాళ్ళే వేసి పోతరని అన్నాడట. తమ్ముడి భార్య కూడా అవునందట.

"మా అబ్బ పొయ్యి కాడ సచ్చేదాంక పని జేసిండు. నేను గేటు కాడ గుడ్డ పరుసుకోని గూసోవాల్నట" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

ఆ గుడ్డ పరుచుకోకుండా తప్పించుకునే దారి ఒక్కటి ఉంది. మా దగ్గర సరుకు కొనే పాత సామాన్ల వ్యాపారి మావైపు నుంచి వచ్చిన కుటుంబమే. పత్తి వేసి నష్టపోయి ఈ వ్యాపారంలోకి దిగాడు. నేను బాబాయి గారూ అనేదాన్ని, భాయ్ సేటు అనేవాడు. ఆయన గోడౌనులో పాత పంపులు, కుళాయిలు, తీగలు గుట్టలుగా పడి ఉండేవి. ఇనుముకు పైపూత పూసి ఇత్తడని అంటగట్టిపోయేవాళ్ళతో ఆయన విసిగిపోయి ఉన్నాడు. భాయ్‌ని తీసుకుంటానన్నాడు. వానలు తగ్గగానే చేరమన్నాడు. ఒకే ఒక్క మెలిక పెట్టాడు. "మీ సార్ దగ్గర మనిషిని లాక్కున్నాననే మాట నాకొద్దమ్మాయ్. ట్రైనింగు అయిపోయింది, పనిమంతుడే అని ఆయన్నొక మాట చెప్పమను."

ఆ ఒక్క మాట చెప్పడానికి సార్‌కు నోరు రాలేదు. ఇంకా పర్ఫెక్షన్ రావాలన్నారు. వచ్చే నెల చూద్దామన్నారు. వానలు తగ్గాయి, పత్తి తీతలు మొదలయ్యాయి, సార్ ఇంకా చూస్తూనే ఉన్నారు. భాయ్ వెళ్ళిపోతే వచ్చినవాళ్ళకు చూపించడానికి అంత బాగా ఇంకేముంది? గుడ్డివాడు గిన్నె మోగించి లోహం పేరు చెప్పడం కంటే గొప్ప ఆట మా షెడ్డులో లేదు.

అలాంటప్పుడే హైదరాబాదు నుంచి చాలా పెద్దమనిషి వస్తున్నాడని హడావుడి మొదలైంది. షామియానా వేశారు, మైకు పెట్టారు, ఫోటోగ్రాఫరును పిలిపించారు. ఫోటోలో బాగుంటాయని మా అందరికీ తెల్లటి గుడ్డ గ్లౌజులు ఇచ్చారు. భాయ్ మాత్రం వద్దన్నాడు, గ్లౌజు తొడిగితే వేళ్ళకు ఏమీ తెలియదు. ఎప్పుడూ ఒకే పట్టా చుట్టూ కూర్చునే మమ్మల్ని ఆ రోజు ఒక్కొక్కరి ముందు ఒక్కో కుప్ప పెట్టి, జనానికి ఎదురుగా వరుసగా కూర్చోబెట్టారు. అక్క ఈ చివర, భాయ్ ఆ చివర.

ఆ కుప్పలు మేము కలిపినవి కావు. ముందురోజు మేము ఇళ్ళకు పోయాక సార్ దగ్గరుండి వాచ్‌మన్‌తో కలిపించారు. అంతకుముందు వచ్చిన ఎవరో గాజు ఎలా ఏరతారని అడిగారట. అందుకని మూల డబ్బాలో ఉన్న గాజు కూడా తలా కాస్తా కుప్పల్లో వేయించారు. అక్క వెనక గదిలో అన్నం వండుకుంటోంది, ఆమెకు గాజు చప్పుడు వినబడదు కదా. మాకెవరికీ ఆ సంగతి చెప్పాలని ఆయనకు తోచలేదు.

పొద్దున అక్క తన కుప్పలో గాజు చూసి ఉలిక్కిపడింది. లేచి భాయ్ వైపు రాబోయింది. వాచ్‌మన్ ఆమె రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు, మైకులో స్వాగతం చెబుతున్నారు మరి. భాయ్ మాత్రం అలవాటు ప్రకారం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తట్టు పడేదాకా ఎంతసేపైనా అలాగే కూర్చునేవాడు. నేను రెండు కుప్పల అవతల ఉన్నాను. కర్ర సార్ తీసి దాచేశారు, ఫోటోలో అడ్డమని.

పెద్దమనిషి వరుస వెంట నడుచుకుంటూ వచ్చాడు. సార్ పక్కనుండి మా గురించి ఒక్కొక్కరిదీ చెబుతున్నారు, పశువుల సంతలో చెప్పినట్టు. భాయ్ దగ్గరికి వచ్చాక వెనక్కు వెళ్ళి నిలబడ్డాడు పెద్దమనిషి, ఫోటోకు అనువుగా. "చాలా గొప్ప విషయం" అని, భాయ్ కుడి భుజం మీద రెండుసార్లు తట్టాడు.

నేను "భాయ్!" అని అరిచాను. మైకు మోతలో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు. ఆయన రెండు చేతులూ కుప్పలోకి వెళ్ళిపోయాయి.

పటానికి కట్టిన అద్దం పగిలిన ముక్క అది. కుడిచేతి వేళ్ళ అడుగున ఎముక దాకా తెగింది. ఫోటోగ్రాఫరు అప్పుడు కూడా ఫోటో తీశాడు. అక్క వాచ్‌మన్‌ను తోసేసి పరుగెత్తుకొచ్చి, గ్లౌజులు పీకి పారేసి, చీర కొంగు చించి కట్టింది. తన చేతులకేసి చూసుకుంటూ నెత్తి కొట్టుకుంది. తట్టింది తను కాదని ఆమెకు తెలుసు, అయినా కొట్టుకుంది. మైకులో సార్ గొంతు వినబడింది: "చిన్న దెబ్బే, కంగారు పడకండి. కొంచెం తొందరపడ్డాడు."

దవాఖానాలో కుట్లు వేసి కట్టు కట్టారు. కట్టు విప్పాక తెలిసింది, రెండు వేళ్ళు వంగవని, వాటి కొసలకు స్పర్శ లేదని.

"చెయ్యి మెత్తగున్నది చెల్లె" అన్నాడు భాయ్ నాతో. "నాకు గప్పుడే అనుమానం రావాలె. అక్క చెయ్యి రాయి గదా. గ్లౌజులు తొడుక్కున్నదేమో, గందుకే మెత్తగున్నదనుకున్న."

సార్ బత్తాయిలు తీసుకుని చూడటానికి వచ్చారు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు, అవి దొంగ నీళ్ళు కావు. కానీ ఊళ్ళో ఎవరడిగినా ఆయన చెప్పింది ఒకటే: తొందరపడ్డాడు. ఆ మాట బజారు దాటి వ్యాపారి దుకాణం దాకా వెళ్ళింది. నేను వెళ్ళి అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వేళ్ళు పోతే ఎడమ చెయ్యి ఉంది, చెవులున్నాయి. అది కాదమ్మాయ్. నా గోడౌనులో అన్నీ కోసుకుపోయే సామాన్లే. జాగ్రత్త లేని మనిషిని పెట్టుకుని రేపు ఇంకోటి తెగితే ఎవరు జవాబు చెప్పాలి?"

అప్పటికే తమ్ముడు భాయ్ కోసం కొత్త తెల్లటోపీ కొన్నాడు, దర్గాకు పెట్టుకుపోవడానికి. తెగిన చెయ్యి జనానికి కనబడేలా పెట్టుకోమని కూడా చెప్పాడట. నేను ఆ మధ్యాహ్నమే సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"సార్, కుప్ప కలిపించింది మీరని ఆ దుకాణం ఆయనొక్కడికి చెప్పండి. ఊరందరికీ అక్కర్లేదు."

"కలిపించాను, కాదనను. ఎవరి కోసమమ్మా? మీ కోసమే కదా. ఈ మాట బయటికి పోతే సంఘం పేరేం కావాలి? మీ అందరి గతేం కావాలి?"

"ఆయన గతి దర్గా గేటు దగ్గర తేలుతోంది సార్."

"ఎందుకు తేలుతుంది? నేను బతికున్నంత కాలం అతనికి ఇక్కడ చోటు ఉంటుంది."

"బతికున్నంత కాలం ట్రైనింగా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, ఎంతో ఓపికగా, "నీకు కోపం ఎక్కువ తల్లీ. కాలు బాగాలేనివాళ్ళకు అది సహజమే, నేను తప్పుపట్టను" అన్నారు.

జీవితంలో ఎవరినైనా కొట్టాలనిపించింది అప్పుడే. పెద్దవాడని ఊరుకున్నాను అంటే అబద్ధం. కర్ర ఎత్తితే నేను పడిపోతాను, అందుకని ఊరుకున్నాను.

షెడ్డు వెనక్కు వెళ్ళి అక్క ముందు కూలబడ్డాను. చేతులతో చెప్పాను: భాయ్, దుకాణం, లేదు. ఆమె లోపలికి వెళ్ళి ఒక గోనెపట్టా చంకలో పెట్టుకుని, సంచీలో ఏవో వేసుకుని, నా చెయ్యి పట్టి లేవదీసింది. దారిలో నా నడకకు విసుక్కుంటూ, ఆగి ఆగి, నన్ను వ్యాపారి దుకాణం దాకా లాక్కుపోయింది.

ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. అక్క నేల మీద పట్టా పరిచింది. సంచీలోంచి మూకుడు, గరిటె, తీగముక్కలు, పగిలిన సీసా తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత నటించడం మొదలుపెట్టింది. మొదట తను తనే అయింది. పట్టకారు పట్టినట్టు గాజు ఏరి అవతల పెట్టింది. ఎదురుగా భాయ్ ఉన్నట్టు వెనక్కు వెళ్ళి గాలిలో రెండు తట్లు తట్టింది. నేను పక్కన నిలబడి ఆ తట్టు అర్థమేమిటో నోటితో చెప్పాను. అప్పుడు ఆమె సార్ అయింది. లేని లాల్చీ సర్దుకుంది, లేని కళ్ళజోడు పైకి తోసుకుంది, చిరునవ్వు నవ్వుతూ సీసా తెచ్చి కుప్పలో కలిపింది. వ్యాపారికి నవ్వు ఆగలేదు.

ఆ నవ్వు నవ్వుతుండగానే ఆయన చెయ్యి పట్టి లాక్కొచ్చి పట్టా ముందు కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకోమని సైగ చేసింది. వెనక నిలబడి భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆయన ఆటలోనే ఉన్నాడు కాబట్టి, కళ్ళు మూసుకునే చెయ్యి చాపాడు. సీసా కొసకు వేలెడు దూరంలో ఆమె ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన కళ్ళు తెరిచి చూశాడు.

"ఇది మీ సారే కలిపించాడా?"

"ఆయనే బాబాయి గారూ. మాకెవరికీ చెప్పలేదు."

"మీ సార్ దగ్గర సరుకు కొనేది నేను. ఆయనతో తగాదా పెట్టుకుంటే నాకేమిటి లాభమమ్మాయ్?"

"ఏమీ లేదు. ఇత్తడని ఇనుము కొనుక్కుంటూ కూర్చోండి" అన్నాను. నా నోరు అలాంటిది.

మర్నాడు భాయ్‌ని తీసుకురమ్మన్నాడు. భాయ్‌ని చూడగానే ఆ చేతి వంక చూసి "పాపం" అన్నాడు.

"పాపం ఏంది సేటు? పనుంటే చెప్పు, లేకుంటే పోత."

కుళాయిలు, తీగలు, గిన్నె ముక్కలు ఒక్కొక్కటీ ఎడమ చేతికిచ్చాడు. భాయ్ తడిమి, నేలకేసి కొట్టి చెబుతూ వచ్చాడు. అన్నీ ఒప్పు కాలేదు. ఒక పంపు ముక్క దగ్గర పొరబడ్డాడు. ఆ చలిలో కూడా ఆయన చొక్కా వీపు తడిసిపోయింది. వెనక గుమ్మంలో తమ్ముడు నిలబడి చూస్తున్నాడు, ఎప్పుడెప్పుడు కాదంటాడా అని.

"ఇది తప్పు చెప్పావయ్యా" అన్నాడు వ్యాపారి.

"ఎడమ చెయ్యి ఇంక కొత్తది సేటు. కుడి చెయ్యికి ఇన్నేండ్లు పని నేర్పిన, అది పోయింది. దీనికి గూడ జర టైం ఇయ్యాలె."

"నచ్చకపోతే ఏ రోజైనా పొమ్మంటాను. తర్వాత నా మీద పడొద్దు."

"అను. ఎందుకు పొమ్మంటున్నవో గూడ చెప్పు. గది చాలు" అన్నాడు భాయ్.

మర్నాడే చేరాడు. సార్‌కు సంగతి తెలిసింది. నన్ను పిలిచి, కేంద్రం వాతావరణం నాకు సరిపడటం లేదనీ, కొన్నాళ్ళు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమనీ ఎంతో ప్రేమగా చెప్పారు. పొమ్మనడానికి కూడా ఆయన ప్రేమే వాడారు. తొంభైల్లో నాకు ఎస్టీడీ బూతు వచ్చేదాకా మళ్ళీ వదిన చెప్పిన లోపలి గదే గతయింది. అక్కకు వేరే నీడ లేదు, అక్కడే ఉండిపోయింది. కాకపోతే ఆ తర్వాత ఎంత పెద్దవాళ్ళు వస్తున్నా కుప్ప ఎవరినీ కలపనివ్వలేదట. సార్ వచ్చి కలపమంటే చీపురు పట్టుకుని అడ్డం నిలబడేదట. ఆమెకు నచ్చజెప్పడం ఆయన వల్ల కాలేదు, చెప్పింది వినబడాలి కదా.

భాయ్ చేరిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. "ఎవరో గుడ్డాయన, నీ కోసమే" అని వదిన ముఖం ముడుచుకుని చెప్పింది. వెళ్ళి చూద్దును కదా, గ్రీజు మరకలతో, చెమటతో, గుర్తుపట్టలేకుండా ఉన్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"చెల్లె, ఇయ్యాల సేటు నన్ను తిట్టిండు" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏమని? ఎందుకు?"

"రాగి తీగల్ల వేరేది కలిపిన. గాడిద అన్నడు. ఇంత వయసొచ్చింది, బుద్ధి ఉందా అన్నడు. రేపు కూడా గిట్లనే జేస్తే తన్ని బయటికి పంపిస్త అన్నడు. ఒక్కడే ఉన్నప్పుడు గాదు, గుమస్తా ముంగల, హమాలీల ముంగల."

"మరి నువ్వేమన్నావు?"

"నేను ఊకుంటనా? పని జేసేటోడికి తప్పు రాదా, గా తీగలు కలిపి తెచ్చిందే నీ బామ్మర్ది, ముందు ఆయన్ని అడుగు అన్న. ఇంక గట్టిగ తిట్టిండు. నేను గూడ గొంతు లేపిన. హమాలీలు పని ఆపి చూసిండ్రంట. తర్వాత ఇద్దరం చాయ్ తాగినం. రేపు జల్దీ రమ్మన్నడు, తీగల లారీ వస్తదంట."

ఆ షెడ్డులో అన్నేళ్ళు కూర్చున్నాను. నా పని బాగాలేదని నాతో ఒక్కరంటే ఒక్కరు అనలేదు. నేను తప్పు చేసినా వెనక నుంచి ఎవరో వచ్చి సర్దేవాళ్ళు, ముందు నుంచి చప్పట్లు కొట్టేవాళ్ళు. కొంచెం కూడా దాచుకోకుండా చెబుతున్నాను, ఆ నిమిషంలో ఆ మనిషి మీద నాకు కడుపుమంట పుట్టింది.

లోపలి నుంచి వదిన, "గుమ్మంలో ఏమిటా తిట్లు?" అని కేకేసింది. భాయ్ గొంతు కాస్త తగ్గించి, సేటు తిట్టిన తిట్లు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. నేను కుళ్ళుకుంటూ విన్నాను.